రిమోట్ పాడవలేదు సార్

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. టైపు చేస్తున్నది ఒక్కరే అయినా, గదిలో ఉన్న తొమ్మిది మందీ చదివి, కొట్టేయాల్సినవి కొట్టేసి, సరే అన్నాకే పెడుతున్నాం. అందుకే "మేము" అని రాస్తున్నాం.

విషయం జంగారెడ్డిగూడెంలో మేముండే హాస్టల్ ఫ్యాన్ల గురించి. ఏ హాస్టలో పేరు రాయట్లేదు. తెలిసినవాళ్లకి ఎలాగూ తెలుస్తుంది.

పోయిన ఏడాది ఎవరో దాతలు మా హాస్టల్‌కి 14 కొత్త సీలింగ్ ఫ్యాన్లు ఇచ్చారు. రిమోట్‌తో నడిచేవి. ఏడు గదులు, గదికి రెండు ఫ్యాన్లు, ఒక రిమోట్. అంతకుముందున్న పాత ఫ్యాన్లు తిరుగుతుంటే పైన ఎవరో రోకలితో దంచుతున్నట్టు ఉండేది, గాలి మాత్రం ఫ్యాను కిందున్న వాడికి కూడా తగిలేది కాదు. కొత్తవి వచ్చిన మొదటి వారం రిమోట్ ఎవరి దగ్గరుండాలని చిన్న సైజు పంచాయితీలు జరిగాయి. తర్వాత తలుపు పక్కన మేకుకి దారం కట్టి వేలాడదీశాం.

మార్చి వచ్చేసరికి నాలుగు గదుల్లో ఫ్యాన్లు రిమోట్‌కి పలకడం మానేశాయి. కొన్ని నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయేవి, మళ్లీ వాటంతటవే మొదలయ్యేవి. రెండు అసలు కదలనే లేదు. సెమిస్టర్ పరీక్షలు దగ్గరికొచ్చాయి. స్లాబు పగలంతా తాగిన వేడి రాత్రి మా మీద వదులుతుంది. వెళ్లి వార్డెన్ గారికి చెప్పాం. ఆయన వచ్చి చూశారు. ఒక రిమోట్ తీసుకుని చెవి దగ్గర కుదిపారు. ఇంకో దానికి వెనక మూత లేదని చూశారు. వెళ్లి స్టాక్ రిజిస్టర్‌లో రాశారు: "విద్యార్థుల అజాగ్రత్త వలన రిమోట్లు పాడైనవి." పాడైన గదులకి గదికి 600 రూపాయల చొప్పున డిపాజిట్‌లో కోస్తామన్నారు.

తొమ్మిది మందికి పంచుకుంటే మనిషికి 67 రూపాయలు పడుతుంది. "పోనీలెండ్రా, కట్టేసి ఊరుకుందాం" అన్నారు కొంతమంది. వేలేరుపాడు వాడు మాత్రం ఒప్పుకోలేదు. (మా హాస్టల్లో సగం మందిని ఊరి పేరుతోనే పిలుస్తాం, ఇక్కడా అలాగే రాస్తున్నాం.) వాడన్నది ఇది: "డబ్బులు కట్టేస్తే అయిపోద్ది. ఆ లైను అయిపోదు. వచ్చే ఏడు కంప్యూటర్లు ఇస్తామన్నారు కదా ఆ దాతలే. ఇచ్చేముందు ఫ్యాన్లు ఎలా ఉన్నాయని అడుగుతారు. అప్పుడు ఆ పుస్తకం తీస్తారు."

వాడి భయం ఊరికే వచ్చింది కాదు. అదే రోజు వరండాలో ఒకాయన అనడం మేం విన్నాం. "వీళ్లకి రిమోట్లెందుకండీ, ఆ పాత ఫ్యాన్లే ఉంచాల్సింది" అని. ఆయన ఎవరో, ఏ పని మీద వచ్చారో మాకు అనవసరం. కానీ ఆ మాట తిన్నది అరగనివ్వలేదు.

అసలు పాడైంది రిమోటేనా? ఎవరు చూసి చెప్పారు? అక్కడి నుంచి మొదలుపెట్టాం.

ముందు ఈ ఫ్యాను సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు మన హాస్టళ్లలోకీ ఆఫీసుల్లోకీ ఎక్కువగా ఇవే వస్తున్నాయి. వీటిని బీఎల్‌డీసీ ఫ్యాన్లు అంటారు. పాత ఫ్యాను కరెంటుని తిన్నగా తీసుకుని తిరుగుతుంది. దానికి లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది, మామూలుగా 2.5 మైక్రోఫారడ్‌ది. అది నీరసించిపోతే ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, లేదా కర్రతో రెక్కని తోస్తే గానీ మొదలవదు. ఇది మనందరికీ తెలిసిన రోగమే. బీఎల్‌డీసీ ఫ్యానులో ఆ కెపాసిటర్ పద్ధతి ఉండదు. లోపల అయస్కాంతాలుంటాయి, ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. వచ్చిన కరెంటుని ఆ బోర్డు మార్చుకుని, ఏ తీగచుట్టకి ఎప్పుడు ఇవ్వాలో లెక్క చూసుకుని ఇస్తుంది. వేగం ఎంతుండాలో నిర్ణయించేది కూడా ఆ బోర్డే. మనం రిమోట్‌తో చెప్పేది దానికే.

కరెంటు తక్కువ తాగుతుంది, అందుకే అందరూ ఇవి పెట్టమంటున్నారు. పాత ఫ్యాను 75 వాట్లు అనుకుంటే ఇది 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. 14 ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి దాదాపు 227 యూనిట్లు మిగులుతాయి, మేం లెక్కేశాం. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి కూడా ఫ్రిజ్‌లకి ఉన్నట్టు నక్షత్రాల గుర్తు తప్పనిసరి చేశారు. అదే ఏడాది నవంబరులో కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్, దేశంలో కోటి ఫ్యాన్లు ఇలాంటివి పంచే కార్యక్రమం మొదలుపెట్టింది. అంటే ఇవాళ మా గదిలో వచ్చిన తంటా రేపు మీ గదిలోనూ రావచ్చు.

సరే, రిమోట్ దగ్గరికి వద్దాం. నాలుగు గదుల రిమోట్లూ తెచ్చి చాప మీద పెట్టాం.

రిమోట్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి షాపుకి వెళ్లక్కర్లేదు. దాని ముందు భాగంలో ఉండే చిన్న బల్బు నుంచి వచ్చే వెలుగు మన కంటికి కనపడదు, ఫోన్ కెమెరాకి కనపడుతుంది. కెమెరా తెరిచి, ఆ బల్బుని దానికి చూపించి బటన్ నొక్కండి. తెర మీద ఊదారంగులోనో తెల్లగానో మినుకు మినుకుమంటుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరా ఆ వెలుగుని అడ్డుకుంటుంది, అప్పుడు సెల్ఫీ కెమెరాతో చూడండి. ముందు బాగా పనిచేస్తున్న రిమోట్‌ని ఒకసారి చూసుకుంటే మీ ఫోన్‌కి కనపడుతుందో లేదో తేలిపోతుంది. మేం రెండో గది రిమోట్‌తో అలాగే చూసుకున్నాం.

నాలుగింటిలో రెండు మొదటి దెబ్బకే మెరిశాయి. అంటే వాటిలో ఏ దోషమూ లేదు. మూడోదాంట్లో సెల్ కారిపోయి స్ప్రింగు మీద తెల్లగా, పచ్చగా బూజులా పట్టింది. పాత సెల్ ఒకటి, కొత్త సెల్ ఒకటి కలిపి వేస్తే పాతది ఇలా కారడానికి ఎక్కువ అవకాశం, రెండూ ఒకేసారి మార్చాలి. ఆ బూజుని రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, రెండు కొత్త సన్న సెల్స్ వేశాం. మెరిసింది. నాలుగోది మొండికేసింది. కొత్త సెల్స్‌కీ ఉలకలేదు. బుట్టాయగూడెం వాడు ఐటీఐ చదివి డిగ్రీకి వచ్చాడు, వాడు దాన్ని విప్పాడు. బటన్ల కింద రబ్బరు షీటు ఉంటుంది. దాని వెనక నల్లటి చుక్కలు ఉంటాయి. బటన్ నొక్కితే ఆ నల్లచుక్క వెళ్లి బోర్డుకి తగులుతుంది, అంతే పని. ఆ చుక్కల మీద కొబ్బరినూనె జిడ్డు, దుమ్ము కలిసి పొర కట్టింది. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ దూదికి అద్ది తుడిచాడు. ఆరనిచ్చి బిగిస్తే అదీ మెరిసింది. కొబ్బరినూనె ఎవరిదన్నది మా గదిలో ఇంకా తేలలేదు.

నాలుగు రిమోట్లూ మెరుస్తున్నాయి. పట్టుకెళ్లి ఫ్యాన్ల మీద నొక్కాం. ఆ గదుల్లో ఒక్క ఫ్యానూ పలకలేదు.

అప్పుడు చేసిన పనే అన్నిటికన్నా పనికొచ్చింది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఫ్యాన్లయితే ఒక గది రిమోట్ ఇంకో గదిలోనూ పనిచేస్తుంది (అందుకే ఒకడు మెడ చల్లబడాలని నొక్కితే పక్కవాడి ఫ్యాను ఆగిపోయి తగువులొస్తాయి). ఐదో గది రిమోట్ తీసుకెళ్లి రెండో గదిలో నొక్కాం, ఫ్యాను టక్కున ఆగింది, మళ్లీ నొక్కితే తిరిగింది. రెండో గది రిమోట్ తెచ్చి ఐదో గదిలో నొక్కాం, ఏమీ లేదు. నోటుబుక్కులో గీతలు గీసి రాసుకున్నాం: ఏ గది, ఏ ఫ్యాను, స్విచ్ వేస్తే తిరుగుతుందా, ఏ రిమోట్‌కి పలికింది. మొత్తం 14 ఫ్యాన్లకీ రాశాం. పలకని ఫ్యాన్లు ఎనిమిది. ఏ రిమోట్ పట్టుకెళ్లినా ఆ ఎనిమిదే పలకలేదు. అంటే దోషం చేతిలో లేదు, పైన ఉంది.

మధ్యలో ఒక ముచ్చట చెప్పాలి. ఏడో గదిలో జూనియర్లుంటారు. వాళ్ల ఫ్యాన్లు బాగానే ఉన్నాయి గానీ, వారం రోజులుగా రాత్రి సరిగ్గా రెండింటికి రెండూ ఒకేసారి ఆగిపోతున్నాయంట. కరెంటు ఉంటుంది, బల్బు వెలుగుతుంది, ఫ్యాన్లు మాత్రం ఆగుతాయి. కిటికీ అవతల చింతచెట్టు ఉంది. ఇంక కథలు మీరు ఊహించుకోండి. ఒక తమ్ముడైతే ఇంటి నుంచి తాయెత్తు తెప్పించుకున్నాడు. మేం వెళ్లి రిమోట్ చూస్తే దాని మీద గడియారం బొమ్మ ఉన్న బటన్ ఉంది. అది టైమర్. రెండు గంటలు, నాలుగు గంటలు అని పెట్టుకుంటే అన్ని గంటలయ్యాక ఫ్యాను దానంతటదే ఆగిపోతుంది. వాళ్లు పదింటికి లైటు తీసేసి, చీకట్లో తడుముకుంటూ వేగం బటన్ అనుకుని దాన్ని నొక్కేవారు. పదికి నాలుగు కలిపితే రెండు. తాయెత్తు మాత్రం తమ్ముడు ఇంకా తీయలేదు, పరీక్షలకి పనికొస్తుందంట.

దోషం పైన ఉందని తేలాక, పైన అంటే ఎక్కడ అన్నది ప్రశ్న. ఫోన్లో వెతికాం. తెలుగులో పెద్దగా దొరకలేదు. ఇంగ్లిషులో "రిమోట్, ఫ్యాన్ పనిచేయట్లేదు" అని కొడితే మాకు వచ్చిన వీడియోలు ఏంటో తెలుసా, గ్యాస్ పొయ్యిలవి! వంట పొయ్యిలు కాదు. అమెరికా, కెనడా లాంటి చలి దేశాల్లో ఇంటి గోడలో గూడు కట్టి, గాజు అద్దం పెట్టి, లోపల గ్యాస్ మంట వెలిగించుకుంటారు, గది వెచ్చబడటానికి. మంట వెలగడానికి రిమోట్. ఆ వేడిని గదిలోకి తోయడానికి కింద ఒక చిన్న ఫ్యాను. చూసి నవ్వుకున్నాం. మన ఊళ్లో చలికాలం నెగడు చుట్టూ కూర్చుంటే తాతే రిమోట్, కర్రతో ఓసారి కెలికితే మంట పెరుగుతుంది.

నవ్వుకున్నా మొత్తం చూశాం. అందులో రెండు విషయాలు మాకు పట్టుకున్నాయి. ఒకటి, మంట వెలిగినా ఫ్యాను తిరగట్లేదని చాలామంది పాడైందనుకుంటారంట. నిజానికి చాలా పొయ్యిల్లో ఫ్యానుకి వేడికి స్పందించే స్విచ్ ఉంటుంది. పొయ్యి అడుగు బాగా వేడెక్కేదాకా అది కరెంటు వదలదు, దానికి పది ఇరవై నిమిషాలు పడుతుంది. చల్లటి గాలి గదిలోకి కొట్టకుండా అలా పెట్టారు. రెండోది, రిమోట్ పనిచేయకపోతే అందరూ చేతిలో ఉన్న రిమోట్‌కి సెల్స్ మారుస్తారు. కానీ పొయ్యి దగ్గర ఆ మాట వినే పెట్టె ఒకటుంటుంది, చాలా రకాల్లో దానికీ వేరే సెల్స్ ఉంటాయి, దాని మీద ఒక చిన్న మీట కూడా ఉంటుంది. ఆ మీట రిమోట్ అన్న గుర్తు దగ్గర లేకపోతే చేతిలో రిమోట్ ఎంత నొక్కినా అటువైపు చెవిన పడదు.

మా ఫ్యానులో మాట వినే భాగం ఫ్యానులోనే ఉంది, దానికి సెల్స్ లేవు. మరి దానికి అన్నం పెట్టేది ఎవరు? గోడ మీద స్విచ్ బోర్డు నుంచి వచ్చే కరెంటు. అది సరిగ్గా వస్తుందా? ఇక్కడ మేం ఆగిపోయాం. స్విచ్ వేస్తే ఫ్యానులో కొంచెం కదలిక ఉంది కదా, కరెంటు వస్తున్నట్టే కదా అనుకున్నాం.

జీలుగుమిల్లి వాడి నాన్న వర్జీనియా పొగాకు బ్యారన్ దగ్గర పనికి వెళ్తారు. సీజన్లో రాత్రిళ్లు అక్కడే కాపలా. మన ప్రాంతంలో చాలామందికి తెలిసిన పనే, తెలియని అన్నలకి చెబుతున్నాం. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని వేడికి పండించే పొడుగాటి గది. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే లోపల ఇనప గొట్టాల్లో వేడి తిరుగుతుంది. ఆకుకి పొగ తగలకూడదు, వేడే తగలాలి. మొదట ఆకు పసుపు తేలడానికి తక్కువ వేడి, తర్వాత ఆకు ఆరడానికి ఇంకొంచెం, చివర్లో ఈనె ఎండటానికి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకెళ్తారు. ఐదారు రోజులు. కింద గాలి తలుపులు, పైన గాలి తలుపులు ఎప్పుడు ఎంత తీయాలో, ఎంత మూయాలో దాన్నిబట్టే రంగు. రంగునిబట్టే జంగారెడ్డిగూడెం వేలం కేంద్రంలో రేటు. ఒక్క రాత్రి లెక్క తప్పితే రైతు ఏడాది కష్టం నల్లబడుతుంది. అలాంటి పని ఆయనకి అప్పజెప్పి రైతులు ఇంటికెళ్లి నిద్రపోతారు. ఆయన కొడుకు ఉండే గది గురించి "వీళ్లకి రిమోట్లెందుకు" అన్నారు.

ఆ రాత్రి వాడు ఫోన్లో ఇదంతా చెబితే ఆయన అన్నారంట: "నిప్పు బాగానే ఉండి లోపల వేడి ఎక్కట్లేదంటే మేం పొయ్యి కెలకం రా. గాలి తలుపు ఎవడన్నా కదిపాడేమో చూస్తాం. మీ దాంట్లో అలా తిప్పేదీ, కదిపేదీ ఏదన్నా ఉందా?"

ఉంది. ప్రతి బోర్డు మీదా గుండ్రంగా ఉంది. పాత ఫ్యాన్ల రెగ్యులేటర్లు. ఒక్కో ఫ్యానుకి ఒక్కోటి. రోజూ దాని పక్కనే ఉన్న పాయింట్‌లో ఫోన్ ఛార్జింగ్ పెడుతున్నాం.

తెల్లారి నోటుబుక్కులో ఇంకో గడి గీసి రెగ్యులేటర్ ఎంతలో ఉందో రాశాం. పలుకుతున్న ఆరు ఫ్యాన్లకీ 5లో ఉంది. పలకని ఎనిమిదింటికీ 2లోనో 3లోనో ఉంది. డిసెంబరు చలిలో ఎవరో తగ్గించి ఉంటారు. గోడ మీద తిప్పే గుండీ ఉంటే తిప్పడానికే అనుకుంటారు, ఎవరైనా. ఎనిమిదింటినీ 5కి తిప్పి, స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేశాం. ఏడు ఫ్యాన్లు తిరిగాయి. రిమోట్‌కి కీక్ కీక్ మని బదులిచ్చాయి. గదిలో గాలికి నోటుబుక్కు పేజీలు తిరిగిపోతుంటే ఎవరూ పట్టుకోలేదు, కాసేపు అలా చూస్తూ నిలబడ్డాం.

ఇదీ కారణం: రెగ్యులేటర్ పని కరెంటుని తగ్గించి పంపడం. పాత ఫ్యానుకి తగ్గించి పంపితే మెల్లగా తిరుగుతుంది, అంతే. కొత్త ఫ్యానులో ఉన్న బోర్డుకి మాత్రం పూర్తి కరెంటు కావాలి, వేగం తగ్గించడం దాని సొంత పని. దానికి ముందే కోసేసిన కరెంటు పంపితే బోర్డు లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. రిమోట్ మాట వినే భాగం కూడా ఆ బోర్డు మీదే కదా, అది స్పృహలో ఉంటే కదా వినేది. ఎక్కువ రోజులు అలాగే నడిపితే బోర్డు కాలిపోవచ్చు కూడా. అందుకే ఇలాంటి ఫ్యాన్లు బిగించేటప్పుడు రెగ్యులేటర్‌ని తీసేసి స్విచ్ నుంచి తిన్నగా వైరు కలపాలి. ఫ్యానుతో వచ్చే కాగితంలో ఆ మాట ఉంటుంది. మా స్టోర్ రూములో అట్టపెట్టెలు ఇంకా ఉంటే ఒకటి తెరిచి చదివాం, ఉంది. ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో.

అది చేయాల్సింది బిగించినవాళ్లు. వాళ్లెవరన్నది ఇక్కడ అనవసరం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా తమ్ముళ్లకి. రిమోట్ విప్పండి, సెల్స్ మార్చండి, గుండీ తిప్పండి. స్విచ్ బోర్డు మాత్రం విప్పకండి. స్విచ్ ఆపినంత మాత్రాన బోర్డులో కరెంటు పోయినట్టు కాదు, చాలా పాత భవనాల్లో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉంటాయి. మా బుట్టాయగూడెం వాడికి ఐటీఐ సర్టిఫికెట్ ఉంది, "నేను పది నిమిషాల్లో చేస్తా" అన్నాడు. వద్దన్నాం. వాడికి ఏదన్నా అయితే రిజిస్టర్‌లో ఏ లైను రాస్తారో మాకు తెలుసు. ఊళ్లో తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఉన్నారు. వార్డెన్ గారి అనుమతితో ఆదివారం వచ్చారు. మెయిన్ దించి, టెస్టర్‌తో చూసుకుని, ఒక్కో రెగ్యులేటర్ తీసేసి వైరు తిన్నగా కలిపారు. 5లో ఉంచితే సరిపోదా బాబాయ్ అని అడిగితే, "సరిపోద్ది, ఎవడూ తిప్పకపోతే. మీరు తిప్పకపోయినా వచ్చే ఏడు వచ్చేవాడు తిప్పుతాడు" అన్నారు. రెగ్యులేటర్లు ఉన్న చోట తెల్ల మూతలు పెట్టారు. అన్నిటికీ కలిపి 300 తీసుకున్నారు, మూతల ఖర్చుతో సహా. ఎనిమిదో ఫ్యాను విప్పి చూసి, బోర్డు పోయిందన్నారు. వాసన చూడమన్నారు. కాలిన వాసన వచ్చింది.

వార్డెన్ గారి దగ్గరికి నోటుబుక్కు పట్టుకెళ్లాం. ఆయన చెడ్డవారు కాదు, ఆ మాట కూడా రాయాలని మాలో ఎక్కువమంది అన్నారు. అంతమంది పిల్లల్ని చూసుకోవాలి, ఆడిట్‌కి లెక్క చెప్పాలి. నోటుబుక్కు మొత్తం చూశారు. గీతలు ఎవరు గీశారని అడిగారు. కోత తీసేశారు, అప్పటికప్పుడే.

అప్పుడు వేలేరుపాడు వాడు అడిగాడు, "సార్, రిమోట్ పాడవలేదు కదా సార్. ఆ లైను?" అని.

సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, స్టాక్ రిజిస్టర్‌లో కొట్టివేతలు ఉండకూడదు, ఆడిట్‌లో అడుగుతారు, పని అయిపోయింది కదా ఇంకెందుకు అన్నారు. మేం బయటికొచ్చి అర్జీ రాశాం. తెలుగులోనే రాశాం. ఏ తేదీన ఏ ఫ్యాను పలకలేదు, ఏ రిమోట్ ఏ గదిలో పనిచేసింది, రెగ్యులేటర్ ఎంతలో ఉంది, ఫ్యాను కాగితంలో ఏముంది, ఎలక్ట్రీషియన్ బాబాయ్ చీటీ మీద ఏం రాసిచ్చారు, అన్నీ. ఫోటోలు జిరాక్స్ తీయించి జతచేశాం. తొమ్మిది మంది సంతకాలు. రెండు కాపీలు చేసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాం. ఇది మాత్రం ఎవరూ మర్చిపోవద్దు, నోటితో చెప్పింది గాలికి పోతుంది.

నాలుగు రోజుల తర్వాత సార్ పిలిచి రిజిస్టర్ చూపించారు. మొదటి లైను అలాగే ఉంది. దాని కింద కొత్త లైను ఉంది: "పరిశీలించగా రెగ్యులేటర్ల వలన వచ్చిన సమస్య. సరిచేయబడినది. రిమోట్లు పనిచేయుచున్నవి." సంతకం, తేదీ.

దీని మీద మా గదిలో ఇంకా ఒక అభిప్రాయానికి రాలేదు. ఇంతకన్నా ఏం చేస్తారు, ఇదే ఎక్కువ అని ఐదుగురు. "విద్యార్థుల అజాగ్రత్త" అన్న మాట పైన ఉంది, చదివేవాడు పై లైనే ముందు చదువుతాడు, రెండో లైనులో "విద్యార్థుల తప్పు లేదు" అన్న మాట లేదు అని నలుగురు. వేలేరుపాడు వాడు ఆ నలుగురిలో ఒకడని వేరే చెప్పక్కర్లేదు. వాళ్ల ఊరు పోలవరం ముంపులో ఉంది. ఇంటి కొలతలు, చెట్ల లెక్కలు రాసుకెళ్లిన కాగితాల్లో ఒక లైను తప్పు పడితే దాన్ని సరిచేయించుకోవడానికి వాళ్ల నాన్న ఎన్నిసార్లు తిరిగారో వాడు చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. వాడితో వాదించడానికి మా దగ్గర మాట లేదు. దాతలకి కూడా ఒక ఉత్తరం రాద్దామని వాడే మొదలుపెట్టాడు, ఫ్యాన్లు బాగున్నాయని, నెలకి ఇన్ని యూనిట్లు మిగులుతున్నాయని, మిగతా చోట్ల బిగించేటప్పుడు రెగ్యులేటర్లు తీయించమని. ఆ ఉత్తరం సగం అయింది. పరీక్షలయ్యాక పంపుతాం.

ఎనిమిదో ఫ్యాను ఇంకా తిరగట్లేదు. అది ఐదో గదిలో, తలుపు వైపు ఉంది. వారంటీ ఉందా లేదా అన్నది బిల్లు మీద తేదీ చూస్తే గానీ తెలియదు, బిల్లు దాతల దగ్గర ఉంది. ఆ ఫ్యాను కింద పడుకునే ఇద్దరూ ప్రస్తుతం మా గదిలో పడుకుంటున్నారు, అంటే ఇప్పుడు మేం పదకొండు మంది.

మీ హాస్టల్లో, స్కూల్లో ఇలాంటి ఫ్యాన్లు ఉంటే బోర్డు మీద గుండీ ఇంకా ఉందో లేదో ఒకసారి చూసి ఇక్కడ రాయండి. ఇలాంటి ఫ్యాను బోర్డు విడిగా దొరుకుతుందా, ఎంతవుతుందో తెలిసిన అన్నలు ఉంటే అది కూడా చెప్పండి.